ఉషారాణి కాలి గేజి

కాళ్ళకి నీరు పట్టిందని డాక్టరమ్మ అన్న మరుక్షణం బంగారరాజుగారు ఆవిడ చెప్పేది వినడం మానేశారు. నీటి సంగతి ఆయనకి ఇంకొకరు చెప్పాలా? ముప్పై నాలుగేళ్ళు కాలువల శాఖలో పనిచేసిన మనిషి. లాకుల దగ్గర గోడకి గీసిన గేజి మీద పొద్దున్న ఆరింటికీ, సాయంత్రం ఆరింటికీ నీటిమట్టం చూసి రిజిస్టరులో రాయడం ఆయన ఉద్యోగం. రిటైరై రెండేళ్ళయినా, సాయంత్రం నాలుగయ్యేసరికి సైకిలెక్కి లాకుల దాకా వెళ్ళి రాకపోతే ఆయనకి తిన్నది అరగదు.

కాళ్ళు వాచింది ఆయనకి కాదు, ఆయన భార్య ఉషారాణికి. యాభై రెండేళ్ళ మనిషి. నెలసరి ఆగిపోయి ఏడాది దాటింది. ఆ మధ్య నుంచీ సాయంత్రమయ్యేసరికి పాదాలు పూరీల్లా పొంగిపోతున్నాయి. వేలితో నొక్కితే పడిన గుంట ఎంతసేపటికీ పూడదు. మెట్టెలు వేళ్ళలోకి దిగిపోయాయి. అమలాపురంలో డాక్టర్ సుస్మిత రక్తం తీయించి, గుండె చూసి, కాళ్ళకి స్కానింగు చేసి, భయపడాల్సిన పని లేదని చెప్పింది.

"గుండె, కిడ్నీలు, థైరాయిడ్ అన్నీ బాగున్నాయమ్మా. కాళ్ళలోంచి పైకెళ్ళే రక్తం కిందికి జారిపోకుండా సిరల్లో చిన్న చిన్న తలుపులుంటాయి. కానుపులూ, వయసూ, ఈ వయసులో హార్మోన్లు తగ్గడం, గంటల తరబడి పొయ్యి దగ్గర నిలబడ్డం, అన్నీ కలిసి అవి వదులయ్యాయి. పిక్క కండ కదిలితేనే రక్తం పైకెక్కుతుంది. అందుకని కదులుతూ ఉండాలి. ఉప్పు తగ్గించాలి. నేనిచ్చే బిగుతు మేజోళ్ళు తొడుక్కోవాలి. పగలు రెండు మూడు సార్లు పడుకుని, కాళ్ళు గుండె కంటే ఎత్తులో పెట్టుకోవాలి. నెలకి కనపడండి."

ఇందులో బంగారరాజుగారి చెవికెక్కినవి మూడే మాటలు. నీరు, తలుపులు, ఉప్పు.

"ఆయ్, అర్థమైపోయిందండీ మేడమ్! తలుపులు లీకవుతున్నాయన్నమాట," అన్నారు, పాత స్నేహితుడు ఎదురైనంత సంతోషంగా.

లాకు తలుపులు లీకైతే ఏం చేస్తారు? ఎండాకాలం కాలువ కట్టేస్తారు. నీళ్ళు ఆపి, రిపేర్లు చూసుకుని, జూన్‌లో మళ్ళీ వదులుతారు. కాబట్టి భార్యని కూడా ఓ నెల కట్టేయాలని ఆయన తిరుగు బస్సులోనే తీర్మానించేశారు. చదువుకున్న మూర్ఖుడితో వేగొచ్చు గానీ, అనుభవమున్న మూర్ఖుడితో వేగలేం.

ఉషారాణికి కళ్ళలో నీళ్ళు తిరిగింది కట్టేసినందుకు కాదు, కోలాటం పోయినందుకు. కార్తీకమాసం నుంచీ ఆ ఊరి ఆడవాళ్ళు పాతికమంది గంగబాబు మాస్టారి దగ్గర కోలాటం నేర్చుకుంటున్నారు. తుఫాను షెల్టరు హాల్లో మంగళవారం, శుక్రవారం నాలుగున్నర నుంచి ఐదున్నర దాకా. వైశాఖంలో అమ్మవారి తీర్థానికి ఊరేగింపు ముందు ఆడాలి. మాస్టారు ఉషారాణిని మొదటి జతలో నిలబెట్టాడు. పెళ్ళి ఫోటోలో తప్ప జన్మలో ఎక్కడా ముందు వరసలో నిలబడని మనిషి ఆమె. ఆ చోటు పోతే బతకదని కాదు. బతికినా ఏం బాగోదు.

"కట్టేసిన కాలువలో పడవ నడుపుతారా ఎవరైనా?" అన్నారు బంగారరాజుగారు. "కోలాటం గీలాటం ఏం లేదు. కాలు దిగితేనే తీర్థం. దిగకపోతే అరుగు మీంచి చూద్దువుగాని."

మర్నాటి నుంచీ కట్టివేత అమల్లోకొచ్చింది. అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీ వేసి ఉషారాణిని కూర్చోబెట్టారు. పొద్దున్న కూర్చుంటే సాయంత్రం దాకా అదే ఆసనం. నీళ్ళు రోజుకి నాలుగే గ్లాసులు. మేజోళ్ళు బీరువాలోకి వెళ్ళిపోయాయి, కింద గట్టు బిగిస్తే పైన గండి పడుతుందని. వంటింటి పెత్తనం ఆయనే తీసుకుని ఆవకాయ, మాగాయ, అప్పడాలు, ఎండు చేపలు మూటగట్టి అటకెక్కించారు.

కాళ్ళు ఎత్తులో పెట్టుకోమన్న మాట ఉషారాణే గుర్తుచేసింది. ప్రయత్నం జరక్కపోలేదు. ఉత్తరానికి తల పెట్టకూడదు. పడమటికి తల పెడితే కాళ్ళు దేవుడి గదికి తగులుతాయి. తూర్పుకి పెడితే అత్తగారి మంచానికి ఎదురు. పోనీ దక్షిణానికి పెడదామంటే ఎదురుగోడ మీద దండేసుకుని మామగారు. రెండు దిళ్ళు పట్టుకుని గదంతా ప్రదక్షిణం చేసి, చివరికి బంగారరాజుగారు దిళ్ళు సర్దేశారు.

"దిక్కులు కుదరట్లేదు. కుర్చీయే నయం."

ఇక కొలత. మడమకి జానెడు పైన నీలం మార్కరుతో ఓ గీత గీశారు, టేపు ఎప్పుడూ అక్కడే పడాలని. పాత రిజిస్టరొకటి దులిపి గళ్ళు కొట్టారు. తేదీ, ఉదయం, సాయంత్రం, వివరణ. ఆరింటికల్లా టేపు పట్టుకుని ఆమె కాళ్ళ దగ్గర గొంతుక్కూర్చునేవారు. పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో ఆయన తన కాళ్ళని అంత శ్రద్ధగా చూడటం ఉషారాణికి అదే మొదలు. సిగ్గూ వేసింది, కాస్త ముచ్చటా వేసింది, ఆ వెంటనే ఒళ్ళూ మండింది. సాయంత్రం కొలత పదకొండున్నర అంగుళాలు. వారం గడిచినా పదకొండున్నరే.

ఉప్పు లేని తిండికి ముందుగా తిరగబడింది ఉషారాణి కాదు, ఆవిడ అత్తగారు సత్యనారాయణమ్మ. డెబ్భై ఎనిమిదేళ్ళ వయసులో ఆవిడకి మిగిలిన సుఖాలు రెండే, ఊరి కబుర్లూ ఊరగాయలూ.

"ఒరే, వాచింది దాని కాళ్ళు. నా నోరెందుకు కట్టేసేవురా?"

"ఒకింట్లో రెండు వంటలు కుదరవమ్మా."

ఆయన సైకిలు వీధి మలుపు తిరిగేదాకా చూసి, ముసలావిడ కోడల్ని మంచం దగ్గరికి పిలిచింది.

"ఇదిగో అమ్మాయ్, ఇయ్యాళ మంగళవారం కదా. ఎల్లు. ఆడొచ్చే యేళకి వచ్చేసి కుర్చీలో కూర్చో. మిగతాది నే చూసుకుంటాను."

"బాబోయ్, తెలిస్తే ఇంకేమైనా ఉందా అత్తయ్యగారూ!"

"తెలీదు. ఊరికే కాదులే, వచ్చేప్పుడు ఎవరింట్లోనన్నా అడిగి ఓ మాగాయ టెంక పట్రా. పెద్దది."

పెద్ద టెంకకి ఒప్పందం కుదిరింది. ఉషారాణి చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి, కొబ్బరితోటలో అడ్డదారిన షెల్టరుకి పరిగెత్తింది. వారమంతా కుర్చీలో బిగుసుకున్న కాళ్ళు మొదట మొరాయించాయి. రెండు పాటలయ్యేసరికి దారికొచ్చాయి. కూర్చుని, లేచి, మునివేళ్ళ మీద గిర్రున తిరిగి కోలకి కోల తగిలించేసరికి, వారం రోజుల కోపం చెమటై కారిపోయింది. పిక్క మీద నీలం గీత చూసి జతలో అమ్మాయి సాయిదుర్గ పకపకా నవ్వింది.

"ఇదేంటి వదినా, పచ్చబొట్టా?"

"కాదులే, మీ అన్నయ్యగారు హద్దు రాయి పాతేరు."

ఆ సాయంత్రం ఆరింటికి బంగారరాజుగారు కొలిచారు. పదకొండు. నమ్మలేక మళ్ళీ కొలిచారు. పదకొండే. అర అంగుళం దిగింది! బుధవారం మళ్ళీ పదకొండున్నర. గురువారమూ అంతే. శుక్రవారం పదకొండు.

గేజి పడిందంటే పైన ఎక్కడో ఏదో జరిగినట్టే. మంగళ, శుక్రవారాల్లో తను ఏం చేశానా అని ఆయన రెండు రోజులు తల గోక్కున్నారు. దొరికింది. అరటి దూట! వీధి చివర బుచ్చిరాజుగారు సోమవారం, గురువారం గెలలు కొట్టిస్తారు. నరికిన చెట్టు లోపలి దూట మర్నాడు వీళ్ళింటికి కూరకొస్తుంది. మంగళవారం దూట పెరుగుపచ్చడి, శుక్రవారం దూట కూర. వివరణ గడిలో బంగారరాజుగారు గుండ్రటి అక్షరాలతో 'అరటి దూట ప్రభావం' అని రాసి కింద గీత కొట్టారు.

ఉషారాణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. లోపల మంచం మీంచి ముసలావిడ దగ్గింది. ఆ దగ్గులో మాగాయ వాసన ఉంది.

ఆ పైన రోజూ దూటే. దూట వేపుడు, దూట పప్పు, పొద్దున్నే పరగడుపున దూట రసం. ఉషారాణి మొహం చిట్లించకుండా తాగేది. తప్పు చేస్తున్న మనిషికి ఓర్పెక్కువ. తక్కిన రోజుల్లో వాపు ఎందుకు దిగట్లేదంటే, "ఒంటికి పట్టాలి కదా, టైము తీసుకుంటది," అని ఆయనే సర్దిచెప్పుకునేవారు.

ఒక శుక్రవారం కొంప మునిగినంత పనైంది. గాలిదుమారం వచ్చి, ఆయన ఐదింటికే ఇంటికొచ్చేశారు. కుర్చీ ఖాళీ.

"ఉష ఏదమ్మా?"

"పెరట్లోకెళ్ళింది. ఒరే, నా కళ్ళ చుక్కల సీసా కనపట్లేదురా. కళ్ళు మండిపోతన్నాయి. ముందది చూడు, నీకు పుణ్యముంటది."

బంగారరాజుగారు మంచం కింద వెతికారు, బియ్యం డ్రమ్ము వెనక వెతికారు, బీరువా పైన వెతికారు. సీసా ముసలావిడ బొడ్డులో భద్రంగా ఉంది. అరగంట తర్వాత ఉషారాణి పెరటి గుమ్మంలోంచి వచ్చి కుర్చీలో కూర్చోగానే, "ఆ, ఇదిగో, తలగడ కిందే ఉందిరా," అంది ఆవిడ. ఆవేళ కొలత పది ముప్పావు.

ఆ రాత్రి ఆవిడే కోడల్ని కేకేసి, మామగారి ఫోటో వైపు కాళ్ళు చాపుకుని పడుకోమంది. "పెట్టుకో, దిళ్ళేసి పెట్టుకో. ఆయన బతికున్నప్పుడే ఒకరి కాళ్ళ సంగతి పట్టించుకోలేదు. ఇప్పుడు పట్టించుకుంటాడా!" ఉషారాణి నవ్వాపుకోలేకపోయింది. అత్తగారి మీద ఆమెకి అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు.

ఇంతవరకూ ఆట సరదాగానే ఉంది. డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన శుక్రవారం పొద్దున్న చెడింది. తీర్థం ఇంకా ఐదు రోజులుంది. బుచ్చిరాజుగారు ఇంత పొడుగు దూట భుజాన వేసుకుని వచ్చారు. మూడు మెట్లెక్కి, అరుగు మీద కూలబడి, ఊపిరి కోసం తన్నుకున్నారు. మొహం ఉబ్బి ఉంది. కాళ్ళు రెండూ స్తంభాల్లా ఉన్నాయి.

"మీ ఆయన ధర్మమా అని నేనూ దూట రసం మొదలెట్టేనమ్మా చెల్లెమ్మా. లాకుల దగ్గర రిజిస్టరు చూపించేరు కదా, కళ్ళారా చూసేను. పది రోజులైంది, ఆ గుండె మాత్రలూ, నీళ్ళు పోయే మాత్రలూ ఆపేసేను. ఎందుకొచ్చిన మందులు?"

ఉషారాణి ఆయన కాళ్ళ వైపే చూస్తూ లేచి నిలబడింది. బంగారరాజుగారు మటుకు మీసం సవరించుకుంటున్నారు.

అమలాపురం దాకా బస్సులో ఆమెకి అదే ఆలోచన. నోరు మూసుకుంటే బుచ్చిరాజు అన్నయ్య ఏమైపోతాడో. నోరు తెరిస్తే మొదటి జత పోతుంది, ఈయన పరువు పోతుంది, మంచం మీద ఉన్న ముసలి ప్రాణానికి మాగాయ పోతుంది. ఒక్క అబద్ధానికి ఇంతమంది బరువు మోపింది తనేనని ఆమెకి ఏడుపొచ్చింది.

డాక్టర్ సుస్మిత రిజిస్టరు తిప్పుతూ, "నెల రోజులు పూటపూటా కొలిచారా! ఇంత శ్రద్ధగా ఎవరూ రాయరండీ," అంది. బంగారరాజుగారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు.

"మంగళవారం, శుక్రవారం బాగా తగ్గుతోంది. ఏంటి సంగతి?"

"అరటి దూటండీ."

"మిగతా రోజులు తినట్లేదా?"

"అప్పుడూ దూటేనండీ. కానీ..."

"కానీ తగ్గట్లేదు." డాక్టరమ్మ ఉషారాణి వైపు తిరిగింది. "మీరు చెప్పండమ్మా."

ఉషారాణి చేతిసంచీ గట్టిగా పట్టుకుంది. "దూట కాదండీ. కోలాటమండీ. ఈయనకి తెలీకుండా వెళ్తున్నాను. దూట వల్లే అనుకుని మా ఊళ్ళో బుచ్చిరాజుగారు గుండె మాత్రలు ఆపేసేరండీ. పొద్దున్న చూస్తే ఆయాసపడిపోతున్నారు. ఆయన్ని ముందు చూడండి మేడమ్, నన్ను తర్వాత తిట్టండి."

బంగారరాజుగారి మొహం, ఉన్నట్టుండి నీళ్ళు దిగిపోయిన కాలువలా అయింది. డాక్టరమ్మ వాయిస్తున్నది తననేనని ఆయనకి కాసేపటికి గానీ తెలియలేదు.

"ఫోను తీయండి. ఇప్పుడే. మాత్రలు వేసుకుని వెంటనే కారెక్కి ఇక్కడికి రమ్మనండి. మందులు ఆపమని, మొదలెట్టమని చెప్పాల్సింది మీరు కాదు, మేం."

అంత చిన్న గొంతుతో ఆయన జన్మలో ఫోను చేసి ఉండరు. "తప్పు నాదే బావగారూ... దూట కాదంట... మీరు ముందు బయల్దేరండి."

"మేజోళ్ళు ఎక్కడమ్మా?" డాక్టరమ్మ విచారణ ఆపలేదు.

"బీరువాలోనండీ."

"నీళ్ళు?"

"నాలుగు గ్లాసులండీ."

"ఈ ఎండల్లో! గుండె, కిడ్నీ జబ్బుంటే ఆ లెక్క వేరు, మీకెందుకమ్మా? మరి రోజంతా ఏం చేస్తున్నారు?"

"కుర్చీలో కూర్చుంటానండీ. కాళ్ళు వేలాడేసి."

డాక్టర్ సుస్మిత కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఏమండీ, మీరు కాలువల మనిషి కదా. నీళ్ళు పారకుండా ఒక్కచోటే నిలిచిపోతే ఏమవుతుంది?"

బంగారరాజుగారు తల దించుకునే జవాబు చెప్పారు. "నాచు పడతాదండీ. గుర్రపుడెక్క అల్లుకుపోతాది. చచ్చిపోద్దండీ కాలువ."

"అంతే. కోలాటం మానొద్దమ్మా. మేజోళ్ళు తొడుక్కుని ఆడండి. ఎప్పుడైనా ఒక్క కాలే వాచి, నొప్పి పుడితే మాత్రం ఆ రోజే రండి."

బుచ్చిరాజుగారు కార్లో వచ్చి, డాక్టరమ్మ చేతిలో పడి, ఆయాసం తగ్గాకే ఇద్దరూ తిరుగు బస్సెక్కారు. బస్సు దిగి ఆటో ఎక్కగానే బంగారరాజుగారు మొదలెట్టారు.

"నెల రోజులు నా చేత తప్పుడు వివరణ రాయించేవు. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఒక్క తప్పుడు రీడింగు రాయలేదు నేను. ఊళ్ళో నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"రీడింగులన్నీ నిజమేనండీ. వివరణ మీరు రాసుకున్నారు," అంది ఉషారాణి. "నెల రోజులు రెండు పూటలా నా కాలు కొలిచేరు. ఏమే, ఎలా ఉంది, కూర్చోగలుగుతున్నావా అని ఒక్క పూట అడిగేరా? అడిగితే చెప్పేదాన్ని కాదాండీ? నాకు ఆ కోలాటమంటే ఎంతిష్టమో మీకు తెలుసా అసలు?"

ఆయన రోడ్డు వైపు తిరిగిపోయారు. ఆటో రెండు కాలువ వంతెనలు దాటింది. తుఫాను షెల్టరు కనిపించగానే ఆటోవాడి భుజం తట్టారు.

"ఆపవయ్యా. టైమెంతైంది? నాలుగూ ముప్పావు. దిగు ఉషా."

ఉషారాణి చేతిసంచీ చంకలో బిగించి దిగింది. అందరి ముందూ కోలలు లాక్కుని మానిపించేస్తారనుకుంది. ఆయన తిన్నగా హాల్లోకి నడిచి, గంగబాబు మాస్టారికి నమస్కారం పెట్టి, జేబులోంచి టేపు తీశారు.

"ఆడకముందు ఒకటి, ఆడినాక ఒకటి. నేను కళ్ళతో చూడాలి మాస్టారూ. ఇన్నాళ్ళూ రాసిన తప్పు దిద్దుకోవాలి."

పాతికమంది ఆడవాళ్ళ ముందు ఆయన భార్య కాళ్ళ దగ్గర గొంతుక్కూర్చున్నారు. పదకొండుంపావు. మాస్టారు పాట అందుకున్నాడు. ఉషారాణి మొదటి జతలో నిలబడింది. మొదట సిగ్గుతో అడుగు తడబడింది. తర్వాత ఆయన ఉన్న సంగతే మర్చిపోయింది. బంగారరాజుగారు గోడకి జేరబడి, నోరు తెరుచుకుని చూశారు. ముప్పై ఏళ్ళుగా తన ఇంట్లో మెల్లగా నడిచిన మనిషి ఇలా తిరుగుతుందని ఆయన ఎరగరు.

గంట తర్వాత మళ్ళీ కొలిచారు. పది ముప్పావు. రిజిస్టరు తెరిచి వివరణ గళ్ళలో 'అరటి దూట' అన్నచోటల్లా అడ్డంగా కొట్టేసి, 'కోలాటం' అని రాయడం మొదలెట్టారు.

ఆయన రాస్తుండగానే సాయిదుర్గ దగ్గరికొచ్చింది. చీర అంచు రెండు వేళ్ళతో ఎత్తి, పాదం ముందుకి పెట్టింది. అదీ పొంగే ఉంది.

"నాకూ ఇంతేనండీ అన్నయ్యగారూ. రెండో కానుపు నుంచీ. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు."

వెనకాల ఇంకొకావిడ కుచ్చిళ్ళు పైకెత్తింది. "నాకు ఆరేళ్ళయిందండీ. వయసొచ్చింది కదా, ఇంతేననుకున్నాను." ఇంకో కాలు. ఇంకో కాలు. సన్నటివి, లావుపాటివి, పసుపు రాసుకున్నవి, పగుళ్ళు పట్టినవి, నల్లటి నరాలు మెలికలు తిరిగినవి. ఇన్నాళ్ళూ చీర అంచుల కింద దాగున్న కాళ్ళన్నీ వరసగా వచ్చి ఆయన ముందు నిలబడ్డాయి. ఉషారాణి ఒక్కో కాలే చూసుకుంటూ వచ్చింది. వారానికి రెండు సార్లు వీళ్ళ పక్కనే అడుగేసింది. వాచింది తన కాళ్ళొకటే అనుకుంది.

బంగారరాజుగారు టేపు పట్టుకుని లేచారు. పరాయి ఆడవాళ్ళ కాళ్ళు ఎలా కొలవాలో తెలీక, పోనీ వదిలేయాలంటే మనసొప్పక, నిలబడిపోయారు. చెవులు ఎర్రబడ్డాయి.

ఉషారాణి వెళ్ళి ఆయన చేతిలోంచి టేపు తీసుకుంది.

"నేను కొలుస్తాను. మీరు కూర్చుని రాయండి. కానీ ఒక్కొక్కరినీ ముందు ఎలా ఉందో అడగాలి, ఆ తర్వాతే అంకె."

"ఆయ్," అన్నారు బంగారరాజుగారు. గుమ్మం మెట్టు మీద కూర్చుని, కొత్త పేజీ తీసి, సాయిదుర్గ వైపు తలెత్తి అడిగారు.

"ఎలా ఉందమ్మా?"